కలుపు పాటలూ కార్డుల మిషనూ

వచ్చే గురువారం మా అక్క గొంతు తీసేస్తారని మేనకోడలు తాండూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. గొంతు తీసేయడం అంటే మాట వరసకు కాదు, నిజంగానే. స్వరపేటికలో పుండు. మందులకు లొంగే దశ దాటిపోయింది కాబట్టి పెట్టె మొత్తం తీసేసి, ఊపిరికి మెడ కింద రంధ్రం పెడతామని పట్నంలో డాక్టర్లు చెప్పారట. తర్వాత తింటుంది, తిరుగుతుంది, బతుకుతుంది. మాట మాత్రం ఉండదు. మరి పాట సంగతేమిటని ఎవరూ అడగలేదు. అడగవలసినవాణ్ణి నేనే.

ఎందుకో చెప్పాలంటే నా గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. అది నాకు ఇష్టమైన పని కాదు. ఈ మధ్య పట్నంలో కాలేజీలవాళ్ళు నన్ను అప్పుడప్పుడు పిలిచి శాలువా కప్పుతున్నారు. మన దగ్గర కంప్యూటర్‌తో బాణీలు కట్టించిన తొలివాళ్ళలో నేనొకణ్ణట. ఇప్పటి పిల్లలు ఫోను మీద వేలు పెట్టి పాట పుట్టిస్తున్నారంటే దానికి నేను ముత్తాతనట. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. నాతోపాటు ఆ పని చేసినవాళ్ళు పోయారు, నేను పోలేదు, నా గొప్పతనం అంతవరకే. శాలువాలు మాత్రం వికారాబాద్ చలికి బాగా పనికొస్తున్నాయి.

మాది కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర ఊరు. సొంత భూమి లేదు. వారమంతా మందిచేలల్లో కూలి, ఆదివారం చర్చి. వికారాబాద్‌లో మిషనరీల హాస్టల్లో ఒక పిల్లవాడికి చోటుందని తెలిస్తే నన్ను పంపారు. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఆమెకు చోటుందా అని అడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఆమె గడ్డి తవ్వే కుర్పి పట్టుకుని అమ్మతోపాటు కలుపుకు పోయింది.

కలుపు తీసే ఆడవాళ్ళు చేనుకు అడ్డంగా ఒక వరసలో కూర్చుంటారు. ఆ వరస ఈ కొస నుంచి ఆ కొసకు జరుగుతూ పోవాలి. ఒక్కసారిలో వాళ్ళు పట్టిన మేరను మునుం అంటారు. వరసలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. మా ఊళ్ళో ఎత్తుకునేది అక్క. పదిహేనేళ్ళ పిల్ల ఎత్తుకుంటే, మనవలున్న ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. మా అమ్మకు లోపల గర్వం. పైకి మాత్రం, "దీనికి నోరెక్కువ" అని తిట్టేది.

నేను చదువుకుని పట్నంలో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో చేరాను. అక్కడ ఒక కంప్యూటర్ ఉండేది. గది నిండా బీరువాలే. ఆ గదికి ఏసీ పెట్టింది కూడా దాని కోసమే, మా కోసం కాదు. దానికి ఏం చెప్పాలన్నా అట్ట కార్డులకు చిల్లులు కొట్టి చెప్పాలి. కార్డులన్నీ కట్టగట్టి లోపలికి పంపితే, తప్పుందో ఒప్పుందో మర్నాటికి తెలిసేది. ఆదివారాలు మిషన్ ఖాళీగా ఉండేది. చర్చికి పోవలసినవాణ్ణి మిషన్ గదికి పోయేవాణ్ణి. ఈ సంగతి అమ్మకు చివరిదాకా తెలియదు. తెలిస్తే పాస్టరు గారితో ప్రార్థన చేయించేది.

చేసిన పని బ్రహ్మవిద్యేమీ కాదు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పాస్టరు గారి టేపు రికార్డరు అడిగి తెచ్చుకుని, గట్టు మీద కూర్చుని అక్క పాటలు పట్టాను. వాటిని స్వరాలుగా రాసుకున్నాను. ఏ స్వరం వెనక ఏ స్వరం తరచుగా వస్తుంది, ఏది ఎప్పుడూ రాదు అని మిషన్‌తో లెక్క కట్టించాను. ఆ లెక్క చూసుకుంటూ, పాచిక వేసినట్టు, ఒక్కో కొత్త స్వరం ఎంచుకోమన్నాను. స్వరాలు కాగితం మీద అంకెలుగా వచ్చేవి. వినడానికి ఒక దొంగదారి ఉంది. మిషన్ పక్కన ట్రాన్సిస్టర్ రేడియో పెడితే, లోపల నడిచే లెక్కల గోల అందులో గుయ్యిమని వినబడుతుంది. లెక్క నడిచే వేగం మారిస్తే ఆ గుయ్యి పైకీ కిందికీ పోతుంది. అట్లా రేడియోలో పాడించాను. అది మొదటిసారి మా చేలో పాట లాంటి ముక్క ఒకటి పాడినప్పుడు, ఎవరూ లేని గదిలో నేనొక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టాను. సంతోషమేసింది, కొట్టాను.

తప్పు ఇంకోచోట చేశాను. టేపులో అక్క ప్రతి చరణం కొసనా ఆగేది. ఒక్కోసారి కొంచెం, ఒక్కోసారి చాలాసేపు. ఒక తీరంటూ లేదు. ఊపిరి కోసం ఆగుతోంది కాబోలు, లేకపోతే టేపు సాగింది కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో అన్నం మెతుకు కింద పడితే ఏరుకుని తినేవాళ్ళం. అట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి ఏమీ పాడనిచోట కూడా ఒక కార్డు ఖర్చు చేయబుద్ధి అవుతుందా? ఆగిన చోట్లన్నీ తీసేసి, స్వరాలకు మాత్రమే కార్డులు కొట్టాను.

ఆ బాణీని క్యాసెట్టుకు ఎక్కించుకుని ఊరికి పోయాను. కంది చేలో మధ్యాహ్నం అన్నాల వేళ, ఆడవాళ్ళందరూ గట్టు మీద కూర్చున్నప్పుడు, ఇది మనిషి కట్టింది కాదు, మిషన్ సొంతంగా కట్టిన బాణీ అని గొప్పలు పోతూ వినిపించాను. ఒకసారి చాలదన్నట్టు మూడుసార్లు వినిపించాను. "ఇగ మీరు పాటలు యాదిపెట్టుకునే పని లేదు. ఎన్నంటే అన్ని ఇదే కడతది" అని కూడా అన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఒక ముసలామె, "తుమ్మెద డబ్బల చిక్కినట్టున్నది" అంది. మెతుకులు రాలేలా నవ్వారు అందరూ. అక్క నవ్వలేదు.

"పాట మంచిగనే ఉంది తమ్మీ," అంది. "గానీ జరిగేదెక్కడ?"

"జరుగుడేంది?"

"చరణం ఒడిసినంక చేతుల గడ్డి ఎనుకకు ఇసిరేసి, ఒక్కడుగు ముందలికి జరగాలె. గప్పుడు పాడం. గడ్డి మస్తుంటే చానసేపు, పల్చగుంటే జరసేపు. నీ డబ్బేమో ఆగకుంట పాడుతనే ఉంది. దీనెంబడి పాడితే పొద్దూకినా మునుం ఉన్నకాడనే ఉంటది."

మళ్ళీ నవ్వులు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. అక్క తప్పు పట్టినందుకు కాదు గానీ, ఆ నవ్వులకు నాకు ఒళ్ళు మండింది. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, పాటలో ఉన్నదాన్ని నేను వదిలేశానని ఒక్క పుస్తకం చదవని మనిషి ఒక్కసారి విని చెప్పింది. నిజమే చెప్పింది. అందుకే ఇంకా మండింది.

తిరిగిపోయి ఆగే చోట్లకు కూడా కార్డులు కొట్టాను, అన్నీ సమానంగా. పోలీసు కవాతు లాగా వచ్చింది. ఎంత గడ్డి ఉందో మిషన్‌కు ఎట్లా తెలియాలి? అప్పటికే రాసి పంపిన పరిశోధన వ్యాసం అచ్చయింది. అందులో "గ్రామీణ స్త్రీల పనిపాటలు" అని ఉంది. పాడిన మనిషి ఎవరో లేదు. రెండేళ్ళ తర్వాత వానల లెక్కలు కట్టే విభాగానికి మారిపోయి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండి, తర్వాత వికారాబాద్‌కు వచ్చేశాను. ఊరికి పెళ్ళిళ్ళకూ చావులకూ పోయేవాణ్ణి. పాటల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ పాత టేపులు ఎప్పుడు పోయాయో కూడా చూసుకోలేదు.

బావ పోయాక అక్క తాండూరులో కూతురి దగ్గరికి వచ్చేసింది. మేనకోడలు బడిలో టీచరు. బండలు పాలిష్ పట్టే మిషన్ల గోలకు కొంచెం అవతల, ఒక కొత్త కాలనీలో ఇల్లు. ఊళ్ళో కలుపు తీసేవాళ్ళు ఇప్పుడు లేరు, మందు కొడుతున్నారు. అక్కతోపాటు అందుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. అంటే ఆ పాటలన్నీ ఇప్పుడు ఒకే గొంతులో ఉన్నాయి. ఆ గొంతుకు ఇంక ఎనిమిది రోజులు గడువు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మర్నాడు పొద్దున రైలెక్కాను.

"ఏం రా," అంది అక్క నన్ను చూడగానే. గొంతు గరగరలాడుతోంది, మాట మాటకూ తెగుతోంది. "నా గొంతు పోతదంటెనే యాదికొచ్చిన్నా నీకు?"

"అవును," అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం?

"మామా, అమ్మను ఎక్కువ మాట్లాడనియ్యొద్దన్నరు డాక్టర్లు. నువ్వేమో పాడమనుకుంట వచ్చినవా?" అని మేనకోడలు కసిరింది.

"నువ్వూకో బిడ్డా," అంది అక్క. "ఎట్లయినా పొయ్యే గొంతే. దాసిపెడితే ఏమొస్తది? కోసెటోడు ఎంత మంచిగుందో అని మెచ్చుకుంటడా?"

ఒప్పుకుంది కదా అని ఫోను ముందు పెట్టాను. రాలేదు. ఒక చరణం మొదలుపెట్టి ఆగిపోయింది. ఇంకోటి ఎత్తుకుని తల పట్టుకుంది. మంచం మీద కూర్చుంటే పాట రావడం లేదట. "చేతులు ఊకె ఉంటే నోట్లెకెట్లొస్తదిరా?" అని నా మీదే విసుక్కుంది. మేనకోడలు చాటలో కందులు పోసి చేతికిచ్చి చూసింది. అది కాదంది. ఏరే చెయ్యి వేరు, పీకే చెయ్యి వేరు.

రెండో రోజు ఇంటి పక్కన ఖాళీ ప్లాటులోకి పోయాం. నిండా వయ్యారిభామ గడ్డి, మోకాళ్ళ ఎత్తు పెరిగి ఉంది. అక్క మెడకు తువ్వాల చుట్టుకుని, కుర్పి పట్టుకుని గొంతుక్కూర్చుంది. పక్కన నేను, మార్చమని డాక్టర్లు చెప్పిన నా మోకాళ్ళతో. ఫోను చొక్కా జేబులో. గడ్డికి చేతులు దురద. తర్వాత, గడ్డి పీకే చేతికి ఒక ఊపు వచ్చాక, అక్క ఎత్తుకుంది.

వెనకటి గొంతు కాదది. పగిలిన గొంతు. పై స్థాయికి పోయేచోట గాలి మాత్రమే వచ్చేది. కానీ దారి తప్పలేదు. చరణం అయిపోగానే నేను అట్లాగే కూర్చుంటే, "జరుగు!" అని మోచేత్తో ఒకటి పొడిచింది. అందుకునేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే అందుకున్నాను. నా గొంతు గురించి ఇక్కడ చెప్పను.

అట్లా రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి వచ్చి రెండు గంటలు గడ్డి పీకాను. అక్కకు అలుపు వస్తే ఆపేవాళ్ళం. పక్కింటి కన్నడామె గోడ మీంచి చూసి, "ఏన్రీ, మనె కట్టస్తీరా?" అని మేనకోడలిని అడిగింది. ఇల్లు కడుతున్నామా అని. ఇంత ముసలివాళ్ళతో చాకిరీ చేయిస్తున్నందుకు మేనకోడలిని కాలనీవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఫోనులో పాటలు చేరుతున్నాయి. నా లోపల భయం కూడా రోజురోజుకూ పెరుగుతోంది. గురువారం దగ్గర పడే కొద్దీ అక్క పాట తక్కువ, దగ్గు ఎక్కువ.

ఐదో రోజు ఒక పాట పాడింది. అది నేనెప్పుడూ విన్నది కాదు.

"కలుపు ఒడవదాయె వదినా, పొద్దు వాలదాయె
నల్లనేల మీద వదినా, నా నీడ పొడుగాయె"

మాటలు మామూలువే. బాణీయే వింత. "నా నీడ" దగ్గర కింది నుంచి ఒక్కసారిగా పైకి దూకుతుంది. మా పాటలు అట్లా దూకవు, మెట్టు మెట్టుగా ఎక్కుతాయి. గొంతు ఆ పైకొసను అందుకోక, అక్క గాలిలో వేలు పెట్టి చూపించింది. నాలో పంతులు లేచి కూర్చున్నాడు. ఇది చాలా పాతది అక్కా, ఇట్లా దూకడం ఇప్పటి పాటల్లో లేదు, అమ్మకు వాళ్ళ అవ్వ నేర్పి ఉంటుంది, అంతకు ముందుదైనా కావచ్చు, దీని ఒక్కదాని మీదే పుస్తకం రాయొచ్చు అని గడ్డి చేతిలో పట్టుకుని ఉపన్యాసం ఇచ్చాను.

అక్క కుర్పి కింద పెట్టింది. నవ్వింది. నవ్వు దగ్గయింది, కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గింది. నేను వీపు నిమిరాను.

"అరేయ్ పిచ్చోడా," అంది, ఊపిరి అందాక. "గది నీ డబ్బ పాడింది గదరా."

నేను నమ్మలేదు. అప్పుడు అక్క చరణాల మధ్య ఆగకుండా, గబగబా, నోరు మూసుకుని ఆ బాణీని కూనిరాగంగా వినిపించింది. రేడియోలో గుయ్యిమన్నది అదే. పైకొస దగ్గర మళ్ళీ వేలే చూపించింది గానీ, మిగతా ఒక్క స్వరం తేడా లేదు. పాచిక ఎక్కడో చిత్రంగా పడి మిషన్ చేసిన దూకుడు అది.

"గంత పైకి మనిషన్నోడు ఎవడన్న పోతడా? నేర్చుకునేటప్పుడు మస్తు పరేషానయినం. గా ముసలామెకైతే ఆఖరిదాక రాలే. జరిగేకాడ ఆగుడు పెట్టుకున్నం, మాటలు మేమే కట్టుకున్నం. ఎన్నేండ్లు పాడినమో! అవతలూరోళ్ళు గూడ నేర్సుకున్నరు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"అడగక ఎట్ల చెప్పాలె? నువ్వు వచ్చుడు పెండ్లికి, పోవుడు బస్సుకు. గట్ల మొకం మాడ్చుకొని పోయినోడివి, మళ్ళ ఎన్నడన్న చేను గట్టుకొచ్చినవా?"

నా జీవితంలో చేసిన ఒకే ఒక్క పని విఫలమైందనుకుని ముప్పై ఏళ్ళకు పైగా వానల లెక్కలు కట్టుకున్నాను. ఇక్కడ వీళ్ళు దాన్ని నోటినోటికీ పాడి, మా తాతలనాటి పాట అని నేనే మోసపోయేంతగా అరగదీశారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషానికా, సిగ్గుకా అంటే రెండింటికీ. అక్క చూసి, "ఇగ చాలు తియ్, గడ్డి పీకు" అంది.

గురువారం పట్నంలో ఆపరేషన్ అయింది. డాక్టర్లు చెప్పినట్టే బతికింది. ఫోనులో ముప్పై పైచిలుకు పాటలు మిగిలాయి. ఎవరు పాడారో ప్రతి పాటకూ రాసిపెట్టాను. మిషన్ బాణీకి ఎవరు కట్టారని రాయాలో తేలక చాలాసేపు కూర్చున్నాను. చివరికి అక్క పేరూ, ఆ మునుం పట్టినవాళ్ళలో ఆమెకు గుర్తున్నవాళ్ళ పేర్లూ రాశాను. పని పూర్తయిందనే అనుకున్నాను.

నెల దాటాక మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, అమ్మ రెండు రోజుల సంది నెమ్మదిగ లేదు. నిన్ను రమ్మని సైగ చేస్తుంది. ఏదో చెప్పబోతది, నాకు తెలుస్తలేదు. చదువు రాకపాయె, రాసి చూపియ్యలేదు."

మధ్యాహ్నానికి తాండూరు చేరాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. మెడ దగ్గర రంధ్రానికి తెల్లటి గుడ్డ కట్టారు, ఊపిరికి అది ఆడుతోంది. నన్ను చూడగానే చెయ్యి పట్టి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నా గడ్డం పట్టి ముఖం తన నోటివైపు తిప్పుకుంది. పెదవులు కదిపింది.

నాలుగైదుసార్లు తప్పాను. ఒక్కో మాటే పైకి అంటుంటే, తప్పయితే తల అడ్డంగా ఊపేది, ఒప్పయితే నా చేతిని నొక్కేది. చివరికి రెండు పాదాలు తేలాయి.

"గట్టు మీది పిల్లగా, ఏడ్వకు ఏడ్వకు
మునుం ఒడిసినంక నిన్నెత్తుకుంట ఏడ్వకు"

"అమ్మ పాటనా?" అన్నాను. చెయ్యి నొక్కింది. తర్వాత వేలు నా ఛాతీకి ఆనించింది. అమ్మ నన్ను గట్టు మీద పండబెట్టి, కలుపు తీస్తూ పాడిన పాట. ఇన్నాళ్ళూ మరిచిపోయి, గొంతు పోయిన నెలకు అక్కకు గుర్తొచ్చింది.

మేనకోడలు గబగబా కాగితం తెచ్చి మాటలు రాసుకుంది. "దొరికింది అమ్మా, రాసిన" అని చూపించింది. అక్క కాగితం వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. పాడమంటోంది.

"మాటలు తెలిసినయి అక్కా," అన్నాను. "బాణీ తెల్వది."

తెలుసన్నట్టు ఆమె తల ఊపింది. నా మణికట్టు మీద వేళ్ళతో తాళం వేస్తూ, మొదటి నుంచి మళ్ళీ, ఈసారి ఇంకా నెమ్మదిగా, పెదవులు కదిపింది.